పెద్ద బండి జనం దిగేదాకా చిన్న బండిని ఆపండి

డివిజనల్ రైల్వే మేనేజర్ గారికి, ఆపరేటింగ్ విభాగం అధికారులకు, స్టేషన్ పనులు చూస్తున్న ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు నమస్కారం.

గోదావరి జిల్లాల్లో ఇప్పుడు చాలాచోట్ల బండి దిగగానే ఎదురయ్యేది రేకుల గోడ. దాని వెనక గుంత, గుంతలో ఇనుప చువ్వలు, పక్కన క్రేను. 2023 ఆగస్టు 6న అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద దేశం మొత్తంమీద 508 స్టేషన్లను బాగుచేసే పనులకు ఒకే రోజు శంకుస్థాపన చేశారు. కాకినాడ టౌన్, తుని, తాడేపల్లిగూడెం, భీమవరం టౌన్, ఏలూరు ఆ జాబితాలోవే. ఇక రాజమండ్రికి 2027 గోదావరి పుష్కరాల తొందర కూడా తోడైంది.

పనులు ఆపమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వానకు కారే పైకప్పులూ, మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కలేని మెట్లూ ఎలా ఉంటాయో రోజూ వాడుకునే మాకు చెప్పక్కర్లేదు. కట్టండి, బాగా కట్టండి. కట్టినన్నాళ్లూ మాత్రం ఒక మనిషిని గుర్తు పెట్టుకోమని అడుగుతున్నాను. ఒక బండి దిగి, ఇంకో బండి ఎక్కి ఇల్లు చేరాల్సిన మనిషిని. ఏ బండి ఎంత లేటో మీ దగ్గర లెక్క ఉంటుంది. ఆ లేటు వల్ల రెండో బండి తప్పిపోయి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లు ఎంతమందో ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

మ్యాపు ఒకసారి చూడండి. హౌరా–చెన్నై మెయిన్ లైను డెల్టా లోపలికి రాదు, దాని తల దగ్గర నుంచే దాటిపోతుంది. ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన, రాజమండ్రి–కొవ్వూరు మధ్య గోదావరి దాటి, ఇటు నిడదవోలు, తాడేపల్లిగూడెం, అటు అనపర్తి, సామర్లకోట మీదుగా వెళ్తుంది. ఊళ్లన్నీ దానికి దిగువన ఉన్నాయి. తణుకు, అత్తిలి, భీమవరం, పాలకొల్లు, నరసాపురం వెళ్లాలంటే నిడదవోలు దగ్గర చీలాలి. కాకినాడ వెళ్లాలంటే సామర్లకోట దగ్గర చీలాలి. కోనసీమ గడ్డకైతే అసలు బండే లేదు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వెళ్లే 57 కిలోమీటర్ల లైను 2000–01 బడ్జెట్‌లో మంజూరైంది. అప్పుడు పుట్టిన పిల్లలు ఉద్యోగాల్లో చేరారు గానీ గౌతమి, వైనతేయ, వశిష్ఠ దాటి బండి ఇంకా రాలేదు. (ఆ సంగతి ఎత్తుకుంటే ఇంకో ఉత్తరం అవుతుంది, ఇక్కడితో వదిలేస్తాను.) అమలాపురం వాళ్లు రావులపాలెం మీదుగా బస్సులో రాజమండ్రి వచ్చి బండి పట్టుకుంటారు. ఆదివారం సాయంత్రం ఆ హైవే మీద బస్సు ఎప్పుడు కదులుతుందో దేవుడికే తెలియాలి.

అందువల్ల బండి మారడం మాకు తప్పని పని. హైదరాబాద్ వెళ్లే నేరు బండ్లు నరసాపురం నుంచీ, కాకినాడ నుంచీ ఉన్నాయి, నిజమే. కానీ ప్రయాణాలన్నీ రాత్రి ఎక్కి పొద్దున హైదరాబాద్‌లో దిగేవి కావు కదండీ. పాలకొల్లు నుంచి తుని, తణుకు నుంచి పిఠాపురం, భీమవరం నుంచి అన్నవరం, అత్తిలి నుంచి కాకినాడ పెద్దాసుపత్రి ఓపీ. మామూలు జనం మామూలు రోజుల్లో చేసే ప్రయాణాలు ఇవి. వీటిలో చాలావాటికి నడుమ ఒక జంక్షన్ ఉంటుంది, ఆ జంక్షన్లో చేతిలో పదిహేను, ఇరవై నిమిషాలుంటాయి.

నదికి ఇటు ఒక బండి, అటు ఒక బండి అన్నది ఇక్కడ పాత కథే. 1893 ప్రాంతంలో బెజవాడ నుంచి లైను వచ్చినప్పుడు గోదావరి మీద వంతెన లేదు. కొవ్వూరులో దిగి, నది దాటి, రాజమండ్రిలో మళ్లీ బండెక్కేవారు. 1900లో హేవలాక్ వంతెన తెరిచాక ఆ బాధ తీరింది. తర్వాత 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన, 1997లో ఆర్చి వంతెన వచ్చాయి. నది మీద దారి ఎప్పటికప్పుడు పెరుగుతూనే ఉంది. దాటాక ఎక్కాల్సిన రెండో బండి దగ్గరే మావాళ్లు ఇప్పటికీ ఆగిపోతున్నారు.

పనుల సమయంలో మీ కష్టం ఏమిటో కూడా తెలుసు. బండ్లు నడుస్తుండగానే స్టేషన్ కట్టాలి. లైను మీద 25,000 వోల్టుల తీగ ఉంటుంది కాబట్టి దాని పక్కన క్రేను తిప్పాలంటే కరెంటు ఆపాలి, కరెంటు ఆపాలంటే బండ్లు ఆపాలి. పట్టాల అమరిక మార్చేటప్పుడు నాన్ ఇంటర్‌లాకింగ్ పని ఉంటుంది. అన్నాళ్లూ ప్యానెల్ మీద బటన్ నొక్కితే కదిలే పాయింట్లను (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలను) మనుషులే వెళ్లి తిప్పి, బిగించి, తాళం వేసి, బండిని మెల్లగా లోపలికి తీసుకోవాలి. ఒక్కో బండికీ అదే తంతు. అలాంటప్పుడు బండి ఔటర్లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఆగిపోతే నేను సిగ్నల్‌ని తిట్టను. ఎండలో ఆ పాయింట్ల దగ్గర నిలబడ్డ పాయింట్స్‌మన్ గుర్తొస్తాడు.

నా కోపమంతా ఔటర్ దాటి లోపలికి వచ్చాక జరిగేదాని మీద.

నాది పాలకొల్లు పక్క ఊరు, ఉద్యోగం తుని వైపు. వారాంతంలో ఇంటికి వస్తుంటాను. ఆ దారిలోనే ఒక జంక్షన్ ఉంది, పేరెందుకు లెండి. అక్కడ పోయిన వర్షాకాలం ఒక శనివారం మా ఎక్స్‌ప్రెస్ ఔటర్లో ఆగింది. ఫోన్లో చూస్తే మేం ఎక్కాల్సిన మెమూ, అంటే దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే చిన్న కరెంటు బండి, ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది. బోగీలో డెల్టా వైపు వెళ్లేవాళ్లంతా అప్పటికే లేచి, సంచులు భుజాన వేసుకుని, తలుపు దగ్గర గుమిగూడారు. వాళ్లలో అన్నవరం నుంచి వస్తున్న ముసలి దంపతులున్నారు. పెద్దాయన నడుము వంగిపోయి ఉంది, ఆవిడ చేతిలో ప్రసాదం పొట్లాలు. "బాబూ, అందుతాదంటావా?" అని ఆవిడ నన్ను రెండుసార్లు అడిగింది. అందుతుందనే చెప్పాను. బండి రోజూ వచ్చే ప్లాట్‌ఫారానికి కాకుండా ఇంకోదానికి వచ్చింది. దగ్గర్లోని బ్రిడ్జి మెట్లకు రేకులు అడ్డం కట్టారు, తెరిచి ఉన్నది అవతలి చివరనున్న బ్రిడ్జి ఒక్కటే. దాని మెట్ల మీద ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. కుర్రాళ్లు కొందరు ఎలాగో అందుకున్నారు. మేం పైకి చేరేసరికి మెమూ కదిలింది. అది టైముకే వెళ్లింది, ఆ రోజు రికార్డులో దానికి మచ్చ లేదు. ఆ దంపతులు మాత్రం తర్వాతి బండికోసం చీకటి పడేదాకా కూర్చున్నారు. పైకప్పు తీసేసిన ప్లాట్‌ఫారం, బెంచీలు పీకేసి పక్కన పేర్చారు, జల్లు పడుతోంది. పెద్దాయన ఒక్క మాటా అనలేదు. ఆవిడే, "మీరైనా పోవాల్సింది నాయనా" అంది.

ఆ రోజు ఎక్స్‌ప్రెస్ లోపలికి వస్తున్న సంగతి బండ్లను నడిపించే కంట్రోల్ ఆఫీసుకు తెలుసు, స్టేషన్ మాస్టర్‌కూ తెలుసు. అందులో మెమూ కోసం దిగేవాళ్లుంటారని ఆ ఊళ్లో టీ అమ్మేవాడికి కూడా తెలుసు. అయినా మెమూని ఆపమని చెప్పే కాగితం ఏదీ లేదు. ఆపితే సంజాయిషీ రాయాలి, ఆపకపోతే అడిగేవాడు లేడు. నేను స్టేషన్ మాస్టర్ అయినా పచ్చజెండాయే ఊపుతాను.

నా మొదటి విన్నపం ఆ కాగితం గురించే. పనులు జరిగినన్నాళ్లూ జంక్షన్లలో పెద్ద బండికీ చిన్న బండికీ జత కట్టి, ఆ జతల పట్టీని స్టేషన్ మాస్టర్ బల్ల మీద పెట్టండి. ఫలానా ఎక్స్‌ప్రెస్ ఇన్ని నిమిషాల్లోపు వస్తుంటే ఫలానా మెమూ ఆగాలి అని అందులో రాసి ఉండాలి. పగటిపూట పది నిమిషాలు చాలు. ఆ రోజుకి అదే ఆఖరి బండి అయితే ఇంకొంచెం ఎక్కువ. గంటల తరబడి ఆపమని ఎవరూ అడగరు. రాజమండ్రి వైపు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటి చాగల్లు దగ్గర ఉందంటే, నిడదవోలులో నరసాపురం బండి ఆగొచ్చు. ఇంకా గోదావరి అవతలే ఉంటే వెళ్లిపోవచ్చు. సామర్లకోటలో కాకినాడ బండికి ఇటు అనపర్తి, అటు పిఠాపురం గుర్తులు. బండి ఎక్కడుందో మా ఫోన్లలోనే కనబడుతోంది, మీ తెరల మీద ఇంకా బాగా కనబడుతుంది.

నరసాపురం రేవులో వశిష్ఠ దాటించే పంటు ఉంటుంది. అవతల సఖినేటిపల్లి. బస్సు దిగిన జనం రేవుకేసి పరిగెత్తుకొస్తుంటే పంటువాడు తాడు విప్పబోయిన చెయ్యి ఆపుతాడు. ఆ కాసేపటికి నదేమీ ఇంకిపోదని వాడికి తెలుసు. అదే మర్యాద మీ బండి దగ్గరా కావాలంటున్నాం.

"చిన్న బండిని ఆపితే లైనంతా చెదిరిపోతుంది" అని మీవాళ్లు అంటారు. వెనకటికి అది నిజం. సింగిల్ లైను రోజుల్లో నిడదవోలులో ఆలస్యంగా బయల్దేరిన బండి కోసం ఎదురుబండి తణుకులోనో అత్తిలిలోనో క్రాసింగ్‌కి కాసుకుని ఉండేది. ఆ లేటు ఈ బండి నుంచి ఆ బండికి అంటుకుంటూ రాత్రిదాకా పోయేది. ఇప్పుడు ఆ మాట చెల్లదు. విజయవాడ–గుడివాడ–భీమవరం–నరసాపురం, గుడివాడ–మచిలీపట్నం, భీమవరం–నిడదవోలు కలిపి 221 కిలోమీటర్లకు డబ్లింగ్, విద్యుదీకరణ మీరే పూర్తి చేశారు. పోయే లైను వేరు, వచ్చే లైను వేరు. రెండో లైను వేసింది ఎక్స్‌ప్రెస్‌లనూ గూడ్సు బండ్లనూ ఆగకుండా పంపడానికేనా? పది నిమిషాలు ఆగిన మెమూకి కూడా అందులో వాటా ఉండాలి.

లోపల అప్పటికే కూర్చున్నవాళ్ల సంగతేమిటని అడగొచ్చు. సీజన్ టికెట్‌వాళ్లు పొద్దున్నుంచీ పని చేసి అలసిపోయి ఉంటారు, పది నిమిషాలు ఎందుకు ఆగిందో తెలియక గొణుక్కుంటారు. గొణుక్కోనివ్వండి. "ఫలానా ఎక్స్‌ప్రెస్ ప్రయాణికుల కోసం ఆపాం" అని మైకులో చెబితే సగం గొణుగుడు తగ్గుతుంది. మిగతా సగం మందికి, రేపు తాము ఆ ఎక్స్‌ప్రెస్‌లోంచి దిగినప్పుడు అర్థమవుతుంది.

రాజమండ్రిలో ఇది కష్టమని ఒప్పుకుంటాను. పనులకని ఒక లైను మూస్తే, మిగిలిన వాటిలో ఒకదాన్ని మెమూ పది నిమిషాలు పట్టుకుని కూర్చోవడం అక్కడ కుదరదు. వెనక బండ్లన్నీ వంతెనల మీదికి బారులు తీరతాయి. అందుకని రాజమండ్రిలో మారే జనాన్నే తగ్గించండి. భీమవరం వైపు పోయేవాళ్లు నిడదవోలులో, కాకినాడ వైపు పోయేవాళ్లు సామర్లకోటలో మారేలా, ఇప్పుడు అక్కడ ఆగని కొన్ని ఎక్స్‌ప్రెస్‌లకు పనులు అయ్యేదాకా రెండు నిమిషాల తాత్కాలిక హాల్ట్ ఇవ్వండి. పుష్కరాలకూ జాతరలకూ తాత్కాలిక హాల్టులు ఇవ్వడం మీకు కొత్త కాదు. రాజమండ్రి ఊళ్లో దిగి బస్సెక్కేవాళ్లకు గోదావరి స్టేషన్ కూడా ఉంది. దాన్ని ఇంకాస్త వాడుకుంటే మెయిన్ స్టేషన్ బ్రిడ్జి మీద బరువు తగ్గుతుంది.

ఇక ప్లాట్‌ఫారాల విషయం. అసలు రోగం ఇక్కడే ఉందని నా అనుమానం.

ఇప్పటి కొత్త రకం (ఎల్‌హెచ్‌బీ) బోగీ ఒక్కోటి దాదాపు 24 మీటర్లు. 22 బోగీల బండి అంటే ఇంజన్ కాకుండానే అర కిలోమీటరు దాటుతుంది. జనరల్ బోగీలు ఉండేది ముందు చివరా, వెనక చివరా. టికెట్‌కి ఎక్కువ పెట్టలేనివాళ్లు, అందులోనూ ముసలివాళ్లు, పిల్లల తల్లులు దిగేది ఆ కొసల్లోనే. ఇంకో కొసన ఉన్న ఒకే ఒక్క బ్రిడ్జి తెరిచి ఉంచారంటే, వాళ్లు ఆ అర కిలోమీటరూ నడిచి, మెట్లెక్కి, దిగి, మళ్లీ అంత దూరం నడవాలి. మామూలు నడకకే సెకనుకు మీటరు చొప్పున ఎనిమిది, తొమ్మిది నిమిషాలు దిగిన ప్లాట్‌ఫారం మీదే పోతాయి. మెట్ల దగ్గర తోపులాట, అవతలి ప్లాట్‌ఫారం మీద నడక ఇందులో కలపలేదు. ఎస్కలేటర్ ఆపేశారు, లిఫ్ట్ ముందు గుంత తవ్వారు. టైమ్‌టేబుల్ ప్రకారం పదిహేను నిమిషాలు చేతిలో ఉన్నా, ఒంట్లో బలమున్న కుర్రాడు తప్ప ఎవరూ అందుకోలేరు.

బ్రిడ్జి మూయక తప్పదనుకుంటే, జత బండ్లను ఒకే ప్లాట్‌ఫారానికి ఇటూ అటూ పెట్టండి. రెండు వైపులా లైనున్న ఐలాండ్ ప్లాట్‌ఫారం ఏ జంక్షన్లోనైనా ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ ఒక ముఖానికి, మెమూ రెండో ముఖానికి వస్తే మెట్లతో పనే లేదు, దిగి నాలుగడుగులు వేస్తే చాలు. రోజంతా ప్రతి బండికీ ఇలా చేయలేరని తెలుసు. జనం ఎక్కువగా మారే ఆ కొద్ది జతలకు చేయండి. అవేవో తెలుసుకోవడానికి సర్వే కూడా అక్కర్లేదు. బ్రిడ్జి మెట్ల కింద అరటిపళ్లు అమ్మే ఆవిణ్ణి అడిగితే బండి పేర్లతో సహా చెబుతుంది.

రేకుల గోడ కట్టేటప్పుడు కూడా కాస్త ఆలోచించండి. గోడ ఎక్కడ కట్టాలో గీసేది సైట్ ఇంజనీరు. ఆయనకు గుంత కొలతలు తెలుసు గానీ, సాయంత్రం ఏ మెట్ల దగ్గర జనం మూగుతారో తెలియదు. గీత గీసే ముందు ఆయన ఆ సాయంత్రం బండి వేళకి ఒక గంట అక్కడ నిలబడి చూస్తే చాలు.

ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫారం మార్చడం గురించి గట్టిగానే రాస్తాను. మెట్ల మీద జనం ఉండగా మైకులో ఇంకో నంబరు చెప్పడం ప్రాణాలతో చెలగాటం. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్లో 14, 15 ప్లాట్‌ఫారాల దగ్గర మెట్ల మీద తొక్కిసలాట జరిగి 18 మంది చనిపోయారు. 2017 సెప్టెంబర్ 29న ముంబై ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ బ్రిడ్జి మీద 23 మంది పోయారు. 2015 పుష్కరాల మొదటి రోజు ఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాటను రాజమండ్రి ఇంకా మరిచిపోలేదు. ఇరుకు మెట్లు, తొందరలో ఉన్న జనం, దానికి తోడు మారిన కబురు. పని జరుగుతున్న స్టేషన్లో మెట్ల ఇరుకు ఎలాగూ ఉంటుంది, మీరు తీసేయలేరు. తొందరనూ మారిన కబురునూ తీసేయగలరు. బండి ఆపుతామని ముందే చెబితే జనం పరిగెత్తరు. ఔటర్ దాటిన బండికి ప్లాట్‌ఫారం మార్చకపోతే ఎదురెదురుగా తోసుకోరు.

డైవర్షన్ల విషయంలో ఇంకో చిక్కుంది. మెయిన్ లైను మీద పని ఉన్నప్పుడు ఏలూరు, తాడేపల్లిగూడెం వదిలేసి విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం టౌన్ మీదుగా నిడదవోలుకు బండ్లను తిప్పుతారు. మంచిదే, ఆ డబుల్ లైను అందుకు కూడా పనికొస్తోంది. పత్రికలకు ఇచ్చే ప్రకటనలో ఆ బండ్ల నంబర్లు వరసగా ఉంటాయి. తాడేపల్లిగూడెంలో ఎక్కాల్సినవాడు ఏం చేయాలో మాత్రం ఉండదు. వాడు నిడదవోలు వెళ్లి ఎక్కాలా, అక్కడికి ఏ పాసింజర్ దొరుకుతుంది, అదే టికెట్ మీద ఎక్కనిస్తారా? ఈ మూడు ముక్కలూ ప్రకటన కింద రాస్తే స్టేషన్ కౌంటర్ దగ్గర సగం గొడవలు ఉండవు. భీమవరంలో మళ్లీ టౌన్ వేరు, జంక్షన్ వేరు. తిప్పిన బండి ఏ స్టేషన్లో ఆగుతుందో పేరు పూర్తిగా రాయండి. "భీమవరం" అని ఊరుకుంటే, సగం మంది ఆటో కట్టించుకుని ఈ స్టేషన్ నుంచి ఆ స్టేషన్‌కి పరిగెత్తాల్సి వస్తుంది.

లేటు లెక్క గురించి కూడా ఒక మాట. బండి టైముకు వచ్చిందా అన్నది ముఖ్యంగా చివరి స్టేషన్లో చూస్తారు. అందుకోసమే టైమ్‌టేబుల్లో చివరి స్టేషన్‌కి ముందు కొన్ని నిమిషాలు ఎక్కువ వేసి పెడతారు. విశాఖ వెళ్లేవాడికి దానివల్ల మేలే, నడుమ పోయిన టైము అక్కడ కలిసొస్తుంది. నిడదవోలులోనో సామర్లకోటలోనో దిగి మారేవాడికి ఏమీ కలిసిరాదు. బండి విశాఖలో రైట్ టైమ్ అని రాసుకుంటుంది, వాడి మెమూ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. పనులు ముగిసేదాకా అయినా ఆ అదనపు నిమిషాల్లో కొన్నిటిని జంక్షన్‌కి ముందు పెట్టండి. నెలకోసారి, ఎన్ని జతలు కలిశాయి, ఎన్ని తప్పాయి అన్నది కూడా లెక్క కట్టించండి. మీ శాఖలో లెక్కకు ఎక్కని పని ఎవరూ పట్టించుకోరని మీకూ తెలుసు.

టికెట్ల విషయం త్వరగా చెప్పేస్తాను. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు ఒక మంచి సౌకర్యం మీరే ఇచ్చారు. 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు బండ్ల టికెట్ల నంబర్లను (పీఎన్‌ఆర్‌లను) కలపవచ్చు. మొదటి బండి లేటై రెండోది తప్పితే, రెండో టికెట్ డబ్బు కోతలు లేకుండా తిరిగి వస్తుంది. మొదటి బండి చేరిన మూడు గంటల్లోపు కౌంటర్లో టికెట్ అప్పగించాలి, ఆన్‌లైన్ టికెట్ అయితే ఆలోపే టీడీఆర్ (డబ్బు వాపసు కోసం అర్జీ) పెట్టాలి. రెండు టికెట్లలోనూ ప్రయాణికుల వివరాలు ఒకటే ఉండాలి. ఇది ఎంతమందికి తెలుసు? ఏజెంట్ దగ్గర టికెట్ చేయించుకునే మా ఊళ్లవాళ్లకు రెండు వేర్వేరు కాగితాలు చేతికొస్తాయి, కలపమని అడగాలని వాళ్లకు తెలియదు. కౌంటర్ అద్దానికి తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి. రేకుల గోడల మీద నమూనా స్టేషన్ రంగుల బొమ్మలు వేస్తున్నారు కదా, వాటి పక్కన దీనికీ కాస్త చోటివ్వండి.

అయినా డబ్బు తిరిగి రావడం వేరు, ఊరు చేరడం వేరు. గల్ఫ్ వెళ్లడానికి హైదరాబాద్‌లో విమానం ఎక్కాల్సిన రాజోలు అమ్మాయికి ఆ టికెట్ డబ్బు ఏ మూలకి? జంక్షన్లో బండి తప్పినవాళ్లకు, లేటు మీదేనని స్టేషన్ మాస్టర్ ముద్ర వేసిచ్చి, అటే వెళ్లే తర్వాతి బండిలో ఖాళీ ఉన్న చోట కూర్చోనివ్వండి. జనరల్ టికెట్‌వాడి బాధ ఇంకోటి. ఎక్కాల్సిన ఎక్స్‌ప్రెస్ తప్పి, తర్వాత వచ్చిన సూపర్‌ఫాస్ట్ ఎక్కితే పదిహేను రూపాయల సర్‌చార్జి తేడా ఉందని టీసీ పట్టుకుంటాడు. పదిహేను రూపాయలు పెద్ద సొమ్ము కాదు. దానికి పడే జరిమానా పెద్దది, నలుగురిలో పడే మాట ఇంకా పెద్దది. పనులు జరిగే స్టేషన్లలో మారేవాళ్లకు ఆ తేడా మాఫీ చేయండి. అది కుదరదంటే కనీసం ప్లాట్‌ఫారం మీదే కట్టించుకునే ఏర్పాటు చేయండి.

రాత్రి ఆఖరి బండి తప్పినవాళ్ల కోసం ఒక గది వదిలేయండి. పనుల పేరుతో వెయిటింగ్ హాలూ, మరుగుదొడ్లూ, టీ కొట్టూ ఒకేసారి మూసేస్తే ఆడవాళ్లు ఎక్కడికి పోతారు? కొత్తది తెరిచాకే పాతది పగలగొట్టమని కాంట్రాక్టులో షరతు పెట్టడానికి పైసా ఖర్చు లేదు. రాత్రివేళ జంక్షన్ బయట ఆటోవాడు తణుక్కి ఎంత అడుగుతాడో మీవాళ్లనెవరినైనా మఫ్టీలో పంపి చూడండి.

రైల్వే హెల్ప్‌లైన్ 139కి చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు, నంబరు వస్తుంది, తర్వాత "పరిష్కరించబడింది" అని మెసేజీ కూడా వస్తుంది. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే ఒక్క నిడదవోలులో మొదలుపెట్టండి. సాయంత్రం వేళ రెండు జతలు, ఒకే ఐలాండ్ ప్లాట్‌ఫారం, పది నిమిషాల ఆగుదల, మైకులో ఒక మాట. మూడు నెలలు నడిపి చూడండి. మెమూ ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు ఆగింది, నరసాపురం చేరేసరికి ఆ లేటులో ఎంత మిగిలింది అన్నది స్టేషన్లో బోర్డు మీద రాయండి. లెక్క తేడాగా వస్తే ఎత్తేయండి, మేం నోరెత్తం. సరిగ్గా వస్తే పుష్కరాలకు ముందే సామర్లకోటకూ పెట్టండి. స్పెషల్ బండ్లు మొదలయ్యాక కొత్త పద్ధతి నేర్చుకోవడానికి మీ సిబ్బందికీ తీరిక ఉండదు, మాకూ ఉండదు.

మీ జవాబు ఉత్తరంగా రానక్కర్లేదు. పనుల కోసం లైను ఆపుతున్నామని చెప్పే వచ్చే బ్లాక్ ప్రకటనలో రద్దయిన బండ్ల పట్టీ కింద, ఆపే బండ్ల పట్టీ ఒకటి ఉంటే అదే జవాబనుకుంటాం.

ఇట్లు
నిడదవోలు మీదుగా ఇల్లు చేరే ఒక ప్రయాణికుడు